దూరపు గుడి, దగ్గర వాన: వాతావరణం మీద మీరడిగిన ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే మాట తిరగేసి మరగేసి అడుగుతున్నాయి. పెద్దవాళ్లు చెప్పే వాన గుర్తుల్ని నమ్మాలా, ఫోన్లో యాప్ చెప్పేదాన్ని నమ్మాలా అని. నేను ఏ సామెత విన్నా ముందు ఒకటే చూస్తాను, ఇది దేన్ని గమనిస్తోంది? గాలిలో తేమనా, గాలి ఒత్తిడినా, పైనున్న మబ్బునా, గాలి వీచే దిక్కునా? దీనికి జవాబు దొరికితే ఆ సామెత కొన్ని గంటలకో, మహా అయితే ఒక రోజుకో పనికొస్తుంది. జవాబు దొరక్కపోతే ఎంత పాత సామెతైనా నేను దాని మీద ఆధారపడను. కింద ఉన్న జవాబులన్నీ ఈ లెక్కలోనే రాశాను.

ప్రశ్న: చంద్రుడి చుట్టూ గుడి కడితే వాన ఖాయమని మా నానమ్మ అనేది. "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అని కూడా చెప్పేది. మొన్న రాత్రి చాలా పెద్ద గుడి కనిపించింది, మూడు రోజులైనా చుక్క పడలేదు. నమ్మాలా వద్దా?

జవాబు: మీ నానమ్మగారి మాటలో ఎంత పరిశీలన ఉందో ముందు అది చెప్పాలి నాకు. చంద్రుడి చుట్టూ కనిపించే వలయాలు నిజంగానే రెండు రకాలు, రెండూ రెండు వేరు వేరు మబ్బుల వల్ల వస్తాయి, ఆ తేడాని ఏ పరికరమూ లేకుండా కంటితో పట్టుకుని సామెతగా కట్టారు.

పెద్దది, చంద్రుడికి బాగా ఎడంగా ఉండేది, మంచు స్ఫటికాల వల్ల ఏర్పడుతుంది. చాలా ఎత్తున, సుమారు ఆరు కిలోమీటర్లకు పైన, పల్చటి ముసుగులా పరుచుకునే సిర్రోస్ట్రాటస్ అనే మబ్బు నిండా ఆరు పలకల మంచు స్ఫటికాలే ఉంటాయి. వెలుతురు ఒక పలకలోంచి దూరి మరో పలకలోంచి బయటికొచ్చేటప్పుడు కనీసం 22 డిగ్రీలు వంగుతుంది, అందుకే ఈ గుడి ఏ దేశంలో ఏ రాత్రి చూసినా ఒకే సైజులో ఉంటుంది. ఈసారి కనిపిస్తే చేయి పూర్తిగా చాపి జాన పెట్టి చూడండి, బొటనవేలి కొస చంద్రుడి మీద ఉంచితే చిటికెనవేలి కొస దాదాపు వలయం మీదికే వస్తుంది. లోపలి అంచు కొంచెం ఎర్రగా ఉంటుంది, వలయం లోపలి ఆకాశం బయటి ఆకాశం కంటే ఒక పిసరు నల్లగా కనిపిస్తుంది. ఇది మీ "దూరపు గుడి".

"దగ్గర గుడి" చంద్రుడికి అతుక్కున్నట్టు ఉంటుంది, దాంట్లో ఎరుపు బయటి అంచున ఉంటుంది. దీనికి కారణం మంచు కాదు, సన్నటి నీటి తుంపరలు. మధ్య ఎత్తులో తేలే పల్చటి మబ్బు చంద్రుడి మీదుగా పోతున్నప్పుడు ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి పల్చటి మబ్బు ఒక్కటే ఉంటే వెంటనే వాన కురిసే పరిస్థితి ఉన్నట్టు కాదు.

మరి దూరపు గుడికీ వానకీ ఏమిటి సంబంధం? ఉష్ణమండలం (భూమధ్యరేఖకి అటూ ఇటూ ఉన్న వేడి ప్రాంతం, మన తెలుగు నేల కూడా అందులోదే) దాటి ధ్రువాల వైపు వెళ్తే వానలు చాలావరకు అల్పపీడనాలతో వస్తాయి. ఆ అల్పపీడనానికి ముందు వెచ్చటి గాలి, చల్లటి గాలి మీదికి ఏటవాలుగా ఎక్కుతూ వస్తుంది, వాన పడే చోటికి కొన్ని వందల కిలోమీటర్ల ముందే దాని పై కొస ఆకాశంలో పల్చగా కనబడుతుంది. మనకి గుడి కట్టేది ఆ పై కొసే. అక్కడ గుడి కనిపించాక పన్నెండు గంటల నుంచి ఒక రోజు లోపల వాన రావడం మామూలే.

ఉష్ణమండలంలో కథ వేరు. అక్కడ అదే మంచు ముసుగు ఎక్కడో దూరంగా పేలిన ఉరుముల మబ్బు నెత్తి మీంచి గాలికి కొట్టుకొచ్చింది కూడా కావచ్చు. ఉరుముల మబ్బు పైకి పెరిగి పెరిగి ఇక పెరగలేని ఎత్తుకి చేరాక పక్కలకి పరుచుకుంటుంది, ఆ పరుచుకున్న భాగం చాలా దూరం ప్రయాణిస్తుంది. అది మీ దాకా వచ్చినంత మాత్రాన దాని కింద ఉన్న వాన కూడా వస్తుందని లేదు, మీకు మొన్న జరిగింది బహుశా అదే.

అందుకని గుడిని ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకండి. తర్వాత నాలుగైదు గంటలు చూడండి. మబ్బు చిక్కబడి, గుడి మాయమై, చంద్రుడు గరుకు గాజులోంచి చూసినట్టు మసకబడితే, దానికి తోడు గాలి దిక్కు మారితే, వాన నిజంగా దగ్గర పడుతోంది. గుడి పోయి నక్షత్రాలు తేటగా కనిపిస్తే గొడుగు లోపల పెట్టేయండి.

ప్రశ్న: యాప్‌లో రేపు 40 శాతం వాన అని చూపిస్తుంది. అంటే 40 శాతం చోట్ల పడుతుందా, 40 శాతం టైమ్ పడుతుందా? పడితే "చెప్పాంగా" అంటారు, పడకపోతే "40 శాతమే అన్నాంగా" అంటారు. ఇది తప్పించుకునే మాటలా అనిపిస్తుంది.

జవాబు: మీ కోపం నాకు అర్థమైంది, కానీ ఆ అంకె తప్పించుకోవడానికి పెట్టింది కాదు. అదే ఉన్నమాట చెప్పడం. మీరున్న చోట, వాళ్లు చెప్పిన ఆ సమయంలో, కొలవగలిగినంత వాన పడే అవకాశం పదింట నాలుగు అని అర్థం. ఎంత సేపు పడుతుందో, ఎంత గట్టిగా పడుతుందో ఆ అంకె చెప్పదు.

ఆ అంకె ఎలా పుడుతుందో తెలిస్తే మీకు దాని మీద గౌరవం కలుగుతుంది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కంప్యూటర్ మీద ఒక చిన్న వాతావరణ నమూనా నడుపుతున్నాడు. ఒకసారి పాత లెక్కని మధ్యలోంచి మళ్లీ నడపాలనుకుని, కాగితం మీద అచ్చైన అంకెని తిరిగి కొట్టాడు. యంత్రం లోపల ఉన్నది 0.506127, కాగితం మీద ఉన్నది 0.506. అంత చిన్న తేడా. కొంతసేపు రెండు లెక్కలూ పక్కపక్కనే నడిచాయి, తర్వాత మెల్లగా విడిపోయి చివరికి ఒకదానికొకటి సంబంధమే లేకుండా పోయాయి. ఇవాళ్టి ఆకాశాన్ని మనం ఎప్పుడూ పూర్తిగా కొలవలేం, ఎక్కడో సముద్రం మీద కొంత గాలి కొలతకి అందదు, ఆ చిన్న పొరపాటు రోజులు గడిచేకొద్దీ పెరుగుతూ పోతుంది. విడి విడి రోజుల వాతావరణాన్ని రెండు వారాలు దాటి చెప్పలేకపోవడానికి మూలం ఇదే.

దీనికి శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఉపాయం నాకు చాలా ఇష్టం. ఒక్క లెక్క కాకుండా, మొదటి కొలతల్ని కొంచెం కొంచెం మార్చి డజన్ల కొద్దీ లెక్కలు నడుపుతారు. యూరప్‌లోని మధ్యకాలిక వాతావరణ అంచనాల కేంద్రం 1992 నుంచి ఈ పద్ధతి వాడుతోంది, మార్చకుండా నడిపే ఒక లెక్కకి తోడు మార్చి నడిపేవి యాభై. యాభైలో ఇరవై లెక్కల్లో మీ చోట వాన పడిందనుకోండి, 40 శాతం దగ్గర అంకె వస్తుంది (ఆ తర్వాత పాత అనుభవాన్ని బట్టి కొంత సర్దుతారు). అన్ని లెక్కలూ ఒకే మాట చెబితే రేపటి సంగతి గట్టిగా ఉన్నట్టు, చెల్లాచెదరైతే ఆకాశమే ఇంకా తేల్చుకోనట్టు.

ఈ అంకె నిజాయితీని మీరే పరీక్షించవచ్చు. 40 శాతం అన్న రోజులన్నీ ఒక చోట రాసుకోండి. ఒక్క రోజు చూసి ఏమీ తేలదు గానీ, అలాంటివి వంద పోగయ్యాక వాటిలో ఇంచుమించు నలభై రోజులు వాన పడి ఉంటే యాప్ మీకు సరిగ్గానే చెబుతోంది. డెబ్భై రోజులు పడిందంటే దాని లెక్కలో లోపముంది.

ఇంకో మాట. ఈ పని చేతి లెక్కలతో మొదలైంది. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆంగ్లేయుడు 1910 మే 20 నాటి వాతావరణాన్ని తీసుకుని, ఆరు గంటల్లో గాలి ఒత్తిడి ఎంత మారుతుందో కాగితం మీద వారాల తరబడి లెక్క కట్టాడు. 145 హెక్టోపాస్కల్ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పెరుగుతుందని వచ్చింది. ఆ రోజు నిజంగా ఒత్తిడి దాదాపు కదల్లేదు! భూమ్మీద ఎక్కడా ఆరు గంటల్లో అంత మార్పు రాదు. ఆయన దాన్ని దాచిపెట్టలేదు, 1922లో పుస్తకంలో అచ్చు వేసి మరీ చూపించాడు. సూత్రాలు సరైనవే, మొదట తీసుకున్న కొలతల్లోని అలజడిని సర్దకపోవడం వల్ల లెక్క చెడింది. 1950లో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద మొదటిసారి 24 గంటల అంచనా వేసినప్పుడు ఆ లెక్కకి దాదాపు 24 గంటలూ పట్టింది. ఈమధ్య కొన్ని దశాబ్దాలుగా పదేళ్లకి ఇంచుమించు ఒక రోజు చొప్పున ముందుకి జరుగుతూ వచ్చాం, అంటే ఇవాళ్టి ఐదో రోజు అంచనా ఇరవై ఏళ్ల క్రితం మూడో రోజు అంచనా అంత బాగుంటుంది. యాప్‌ని తిట్టే ముందు ఈ సంగతి ఒక్కసారి గుర్తు చేసుకోమని నా మనవి.

ప్రశ్న: చీమలు గుడ్లు మోసుకుపోతే వాన, తూనీగలు కిందగా ఎగిరితే వాన, కప్పలు అరిస్తే వాన. జంతువులకి మనకంటే ముందే తెలుస్తుందా?

జవాబు: వాటికి రేపటి సంగతి తెలియదు. ఇప్పటి సంగతి మనకంటే బాగా తెలుస్తుంది. ఈ రెండింటికీ తేడా ఉంది.

చీమల్ని నేను దగ్గరగా కూర్చుని చూశాను. గోడ కింద పుట్టలోంచి బారు కట్టి, ఒక్కోటి తనంత తెల్లటి మూటని నోట కరుచుకుని, గోడ వెంట పైకి ఎక్కుతున్నాయి. మనం గుడ్లు అంటాం గానీ అంత పెద్దవి గుడ్లు కావు, అసలు గుడ్డు కంటికి చుక్కలా కనిపిస్తుంది. అవి మోసేవి చాలావరకు లార్వాలు, ప్యూపాలు, అంటే సగం పెరిగిన పిల్లలు. పిల్లలకి ఎంత తేమ, ఎంత వేడి కావాలో చీమలకి బాగా తెలుసు, పుట్టలో అది మారితే గదులు మారుస్తాయి. వాన ముందు తేమ పెరిగినప్పుడు మార్చవచ్చు, నిన్నటి వానకి పుట్ట తడిసినా మార్చవచ్చు, ఎవరో బకెట్ నీళ్లు పోసినా మార్చవచ్చు, ఎండ ఎక్కువైనా మార్చవచ్చు. అంటే చీమల బారు కనిపిస్తే "ఇక్కడ తేమలోనో వేడిలోనో ఏదో మారింది" అనుకోండి, అంతవరకే. మర్నాడు నేను చూసిన చోట వాన పడలేదు, పక్కింటి ట్యాంకు పొంగి నీళ్లు గోడ వెంట దిగుతున్నాయని తర్వాత తెలిసింది.

తూనీగలు, వానకోయిలలు ఒక జట్టు. రెండూ గాల్లో చిన్న పురుగుల్ని తిని బతికేవే, పురుగులు ఎక్కడుంటే అవి అక్కడే ఎగురుతాయి. ఎండ కాసే రోజున నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆ గాలితో పాటు పురుగులూ పైకి పోతాయి. మబ్బు కమ్మి చల్లబడితే పైకి లేచే గాలి ఆగిపోతుంది, పురుగులు కిందే ఉంటాయి, వాటిని తినేవీ కిందికి దిగుతాయి. కారణం నమ్మదగ్గదే, కానీ చల్లబడిన ప్రతిసారీ వాన పడదు కదా! తూనీగలు గుంపులుగా కనిపించడానికి వాటి పుట్టుక కాలం కూడా ఒక కారణం, చెరువుల్లోంచి ఒకేసారి వందలు బయటికొస్తాయి. ఆ రోజుల్లో అవి కిందగా ఎగురుతున్నాయని బట్టలు లోపలికి తెచ్చుకోనక్కర్లేదు.

కప్పల చర్మం తడిగా ఉండాలి, ఎండిపోతే ప్రాణానికే ముప్పు. గాలిలో తేమ బాగా పెరిగితే అవి ధైర్యంగా బయటికొచ్చి జతని పిలుస్తాయి. కానీ గట్టి అరుపులు ఎక్కువగా వినిపించేది వాన పడ్డాకే, నీళ్లు నిలిచాకే. మనం రెండు వానల మధ్య విని రెండో వానకి సూచన అనుకుంటాం.

కీచురాయిది మాత్రం వేరే సంగతి, అది నిజంగా థర్మామీటరే. 1897లో అమెరికాలో అమోస్ డాల్బేర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు కీచురాయి అరుపుల్ని లెక్కపెట్టి వేడికి సూత్రం రాశాడు. చల్లటి రక్తం ఉన్న జీవి కాబట్టి వేడి పెరిగేకొద్దీ దాని కండరాలు వేగంగా కదులుతాయి, అరుపులు ఎక్కువవుతాయి. ఉత్తర అమెరికాలో చెట్ల మీద ఉండే ఒక తెల్లటి కీచురాయికి ఆ లెక్క బాగా సరిపోతుంది. ఎనిమిది సెకన్లలో ఎన్నిసార్లు అరిచిందో లెక్కపెట్టి ఐదు కలిపితే సుమారుగా సెల్సియస్ డిగ్రీలు వస్తాయి. వేరే జాతి కీచురాయికి వేరే లెక్క కావాలి. అదీ ఇప్పటి వేడినే చెబుతుంది, రేపటిది కాదు.

జలగల కథ కూడా చెప్పాలి. జార్జ్ మెరీవెదర్ అనే ఇంగ్లీషు డాక్టరు పన్నెండు సీసాల్లో పన్నెండు జలగల్ని పెట్టి, తుఫాను ముందు అవి పైకి పాకితే గంట మోగేలా ఒక యంత్రం చేసి, 1851లో లండన్ మహా ప్రదర్శనలో చూపించాడు. ఎన్ని గంటలు మోగితే తుఫాను వచ్చే అవకాశం అంత ఎక్కువ అన్నమాట. ఓడరేవులన్నింటిలో పెట్టమని ప్రభుత్వాన్ని అడిగాడు, వాళ్లు ఒప్పుకోలేదు. జలగ మాట ఎలా ఉన్నా, ఒక్క సాక్షిని నమ్మకుండా పన్నెండు మందిని అడగాలన్న ఆలోచన మెచ్చుకోదగ్గది. పైన చెప్పిన యాభై లెక్కల ఉపాయం వెనక ఉన్నదీ అదే ఆలోచన.

ప్రశ్న: సాయంత్రం ఆకాశం ఎర్రబడితే మర్నాడు ఎండ, పొద్దున్నే ఎర్రబడితే వాన అని ఒక పుస్తకంలో చదివాను. నేను చూసినంతలో ఎప్పుడూ కుదరలేదు.

జవాబు: ఎందుకు కుదరలేదో మీరు ఏ అక్షాంశంలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు వేల ఏళ్లకు పైబడిన మాట ఇది, బైబిల్లో మత్తయి సువార్తలోనూ ఉంది. మధ్య అక్షాంశాల్లో వాతావరణం చాలావరకు పడమటి నుంచి తూర్పుకి కదులుతుంది. సాయంత్రం ఎర్రబడాలంటే పడమర దిక్కున సూర్యకాంతికి అడ్డం లేకుండా ఆకాశం తేటగా ఉండాలి, అంటే రాబోయేది తేటగా ఉందన్నమాట. పొద్దున ఎరుపు తూర్పున తేటగా ఉండి పడమటి నుంచి వస్తున్న మబ్బుల మీద పడితే, మంచి రోజులు దాటిపోయాయని, వాన వస్తోందని.

ఉష్ణమండలంలో గాలులు ఎక్కువగా తూర్పు నుంచి వీస్తాయి, అక్కడ ఈ సామెత తలకిందులు కావచ్చు, అసలు వర్తించకపోనూ వచ్చు. సామెత పుట్టిన చోటి గాలిని బట్టే అది పనిచేస్తుంది, మనం ఊరు మారితే అది మనతో రాదు. మీ చోట మబ్బులు సాధారణంగా ఏ దిక్కు నుంచి వస్తాయో ఒక నెల గమనించి, ఆ దిక్కు ఆకాశాన్ని చూడటం అలవాటు చేసుకోండి, ఎరుపు కంటే అది మీకు ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: వాన ముందు మా అమ్మకి మోకాళ్లు నొప్పులు. డాక్టరు భ్రమ అంటున్నారు.

జవాబు: భ్రమ అని కొట్టిపారేయడం సరికాదు. బ్రిటన్‌లో దీర్ఘకాల నొప్పులున్న 2,600 మందికి పైగా రోజూ ఫోన్లో తమ నొప్పిని నమోదు చేశారు, దాన్ని వాళ్లున్న చోటి వాతావరణంతో పోల్చి 2019లో ఫలితాలు ప్రచురించారు. తేమ ఎక్కువగా, గాలి ఒత్తిడి తక్కువగా, గాలి బలంగా ఉన్న రోజుల్లో నొప్పి కొంచెం ఎక్కువగా ఉంది. కొంచెమే, అందరికీ కాదు. అమ్మగారు చెప్పేది వినండి, నొప్పికి మందు మాత్రం వానతో ముడిపెట్టకుండా వాడించండి.

ప్రశ్న: వాన పడకముందే మట్టి వాసన ఎలా వస్తుంది?

జవాబు: ఇక్కడ పడకముందు, అక్కడ పడ్డాక. దూరంగా కురుస్తున్న ఉరుముల వాన తనతో పాటు చల్లటి గాలిని కిందికి తోస్తుంది, ఆ గాలి నేలని తాకి అన్ని వైపులకీ పరుగెడుతుంది, తడిసిన నేల వాసనని మోసుకొస్తుంది. ఈ వాసనకి 1964లో ఆస్ట్రేలియాకి చెందిన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో ముఖ్యమైనది మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్, మన ముక్కు దాన్ని ఎంత కొద్దిగా ఉన్నా పసిగడుతుంది. వాసనతో పాటు ఒక్కసారిగా చల్లటి గాలి కొట్టిందా, మీకున్న టైమ్ నిమిషాల్లోనే. ఇన్ని గుర్తుల్లో నేను కళ్లు మూసుకుని నమ్మేది ఈ ఒక్కదాన్నే.

ప్రశ్న: రెండు వారాలు దాటి చెప్పలేమంటే, ఈ ఏడాది వానలు తక్కువని నెలల ముందే ఎలా చెబుతున్నారు? నక్షత్రాలు చూసి వానలు చెప్పడం కూడా అలాంటిదేనా?

జవాబు: ఫలానా తారీఖున వాన పడుతుందా అన్నది ఒక ప్రశ్న, ఈ మూడు నెలలు మామూలు కంటే తడిగా ఉంటాయా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి సముద్రం సాయం చేస్తుంది. గాలి తొందరగా మారుతుంది, సముద్రం నింపాదిగా మారుతుంది. పసిఫిక్ మహాసముద్రం మధ్య, తూర్పు భాగాల్లో నీళ్లు మామూలు కంటే వెచ్చబడితే దాన్ని ఎల్ నినో అంటారు, అది వచ్చిందంటే నెలల పాటు ఉంటుంది, ఉన్నంతకాలం ఎన్నో దేశాల వానల్ని అటూ ఇటూ చేస్తుంది. అందుకే నెలల ముందు "తక్కువ పడే అవకాశం ఎక్కువ" అని చెప్పగలుగుతున్నారు.

ఇక నక్షత్రాలంటారా, నాకు తెలిసిన అన్ని వాతావరణ కథల్లోకీ గొప్పది ఇదే. పెరూ, బొలీవియా దేశాల ఆండీస్ పర్వతాల్లో రైతులు కొన్ని వందల ఏళ్లుగా జూన్ నెల చివర్లో, జూన్ 24 దగ్గర, తెల్లవారుజామున కొండెక్కి కృత్తికలనే నక్షత్రాల గుంపుని చూస్తారు. గుంపులో నక్షత్రాలు ఎక్కువగా, కాంతిగా కనిపిస్తే వానలు ముందే, బాగా వస్తాయని అర్థం. మసకగా కనిపిస్తే వానలు ఆలస్యమని బంగాళాదుంప నాటడం వెనక్కి జరుపుతారు. వినగానే ఎవరైనా మూఢనమ్మకమనే అంటారు, ఎన్నో వెలుగు సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రాలకీ దుంపకీ ఏం సంబంధం!

బెన్ ఓర్లోవ్, జాన్ చియాంగ్, మార్క్ కేన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు అలా కొట్టిపారేయకుండా లెక్కలు తీశారు, 2000లో నేచర్ పత్రికలో ప్రచురించారు. ఎల్ నినో సంవత్సరాల్లో జూన్ నెలలో అక్కడి ఆకాశంలో చాలా ఎత్తున కంటికి ఆనని పల్చటి మబ్బు పెరుగుతుంది. మబ్బు ఉందని మనకి తెలియదు, కానీ గుంపులో చిన్న నక్షత్రాలు కనపడకుండా పోతాయి. అదే ఎల్ నినో ఆ తర్వాత నెలల్లో అక్కడి వానల్ని తగ్గిస్తుంది. రైతులు నక్షత్రాల పేరుతో చూస్తున్నది పై గాలిలోని తేమని, దాని వెనకున్న పసిఫిక్ సముద్రాన్ని. ఎల్ నినో అన్న పేరు శాస్త్రానికి తెలియక ముందు నుంచీ!

అలాగని నక్షత్రం చూసి చెప్పేవన్నీ ఇలాంటివే అనుకోకండి. ఆండీస్ రైతు ఏటా కొండెక్కి కొత్తగా చూస్తాడు, ఒక ఏడు మసక, ఒక ఏడు కాంతి. ఏమీ చూడకుండా తేదీని బట్టి చెప్పే సామెతలు ఇంకో రకం. ఇంగ్లండ్‌లో జూలై 15న సెయింట్ స్విథిన్ రోజున వాన పడితే నలభై రోజులు పడుతుందని, పడకపోతే నలభై రోజులు పొడేనని సామెత ఉంది. అక్కడి రికార్డుల్లో ఒక్కసారి కూడా అలా నలభైకి నలభై జరగలేదు. ఆ సమయానికి పై గాలుల దారి ఒక చోట కుదురుకుని కొన్ని వారాలు ఉండే అలవాటుంది, ఆ చిన్న నిజానికి నలభై రోజుల రెక్కలు తొడిగారు.

ప్రశ్న: ఆరో క్లాసు చదివే మా అమ్మాయి వాతావరణం నోట్‌బుక్ పెడతానంటోంది. పరికరాలు కొనాలా? ఏం రాయమనాలి?

జవాబు: ఇంత మంచి ఉత్తరం వచ్చి చాలా కాలమైంది, అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. మొదటి నెల ఏమీ కొనకండి. రోజూ ఒకే టైముకి, ఒకే చోట నిలబడి ఆకాశం చూడమనండి. మబ్బు ఎంత భాగం కప్పింది (ఆకాశాన్ని ఎనిమిది ముక్కలు చేసి ఎన్ని ముక్కలో రాయాలి, శాస్త్రవేత్తలూ అలాగే రాస్తారు), మబ్బు కుప్పలా ఉందా, దుప్పటిలా ఉందా, వెంట్రుకల్లా ఉందా. 1802లో లూక్ హోవార్డ్ అనే లండన్ మందుల వ్యాపారి మబ్బులకి పేర్లు పెట్టింది ఈ మూడు రూపాల మీదే, కుప్పకి క్యుములస్, పరుపుకి స్ట్రాటస్, వెంట్రుకకి సిర్రస్, ఇప్పటికీ అవే వాడుతున్నాం. గాలి ఏ దిక్కు నుంచి వస్తోంది అన్నది కూడా రాయాలి, ఎటు పోతోంది అన్నది కాదు, పిల్లలు ఇక్కడే తడబడతారు.

వాన కొలవడానికి గోడలు నిటారుగా ఉండి, అడుగు చదునుగా ఉన్న ఏ డబ్బా అయినా సరిపోతుంది. వెడల్పు ఎంతైనా ఫరవాలేదు, లోపల నిలిచిన నీటి ఎత్తు స్కేలుతో కొలిస్తే అదే మిల్లీమీటర్లలో వాన. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు, ఇది చెబితే పిల్లలకి కళ్లు మెరుస్తాయి. డబ్బాని గోడకీ చెట్టుకీ దూరంగా, వాటి ఎత్తుకి కనీసం రెట్టింపు దూరంలో పెట్టాలి.

చాలా ఫోన్లలో బారోమీటర్ ఉంటుంది, ఉంటే గాలి ఒత్తిడి రాయమనండి. ఇక్కడ ఒక జాగ్రత్త, నేను మొదట్లో దీన్ని తెలియక చాలా రోజులు పొరపాటు పడ్డాను. ఉష్ణమండలంలో వాతావరణం ఏమీ మారకపోయినా గాలి ఒత్తిడి రోజుకి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది, పొద్దున పది దగ్గర, రాత్రి పది దగ్గర ఎక్కువ, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు దగ్గర తక్కువ. తేడా రెండు మూడు హెక్టోపాస్కల్ దాకా ఉంటుంది. నేను పొద్దున పదింటి అంకెని సాయంత్రం నాలుగింటి అంకెతో పోల్చి, రోజూ తుఫాను వస్తోందని టెన్షన్ పడేవాణ్ణి. నిన్న ఇదే టైముకి ఎంత ఉందో దాంతో పోల్చాలి. అలా పోల్చినప్పుడు నాలుగైదు హెక్టోపాస్కల్ పడిపోయి, ఇంకా పడుతూనే ఉంటే ఆ రోజు వాతావరణ శాఖ బులెటిన్ తప్పకుండా చూడండి.

ఉరుములున్నప్పుడు మాత్రం పరిశీలన ఇంట్లోంచే. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి, కానీ ఉరుము వినిపించిందంటేనే పిడుగుకి అందే దూరంలో ఉన్నట్టు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి పంపకండి.

చివరగా, పేజీకి ఒక పక్క "ఇవాళ నేను అనుకున్నది" అని గడి గీయమనండి. చీమల్ని చూసి అనుకున్నా, గుడిని చూసి అనుకున్నా, యాప్ చూసి అనుకున్నా, ముందు రోజే రాయాలి, మర్నాడు పక్కన టిక్కో ఇంటూనో పెట్టాలి. ఇంటూలు చెరపకూడదు. ఆరు నెలల తర్వాత ఆ పుస్తకం ఫొటోలు తీసి నాకు పంపితే అమ్మాయితో కలిసి లెక్క చూస్తాను.